తొలి పాలు అందని ఇల్లు

పొద్దున పాలు పోసే వరసలో మొదటి ఇల్లు పాల వ్యాపారి రామ్‌చందర్ తల్లి ఉండేదే. పురానాపూల్‌లోని బర్రెల కొట్టం ముందు భాగం అతను షాపులకు అద్దెకిస్తానన్నాడని అలిగి, మాణిక్యమ్మ మొఘల్‌పురాలో చిన్నకొడుకు నగేష్ ఇంటికి వెళ్లిపోయింది. తల్లీకొడుకులిద్దరూ పంతంలో ఒకరికొకరు తీసిపోరు. నెలలుగా వాళ్ల మధ్య మాటల్లేవు. పాలు మాత్రం పనివాడి చేత రోజూ వెళ్లేవి.

ఆ పనివాడు మానేసి, ఆ రోజే కైలాసం కొత్తగా వచ్చాడు. అతనికి ఇళ్లు తెలియవు. ఈమధ్యే కంప్యూటర్ కోర్సులో చేరిన రామ్‌చందర్ కూతురు అఖిల, తండ్రి చెప్పిన పేర్లన్నీ వరసగా ఒక లిస్టులో పెట్టి, అవి కైలాసం ఫోన్‌కు వెళ్లేలా ప్రోగ్రామ్ రాసింది.

కైలాసం తిరిగొచ్చేదాకా రామ్‌చందర్‌కు కాలు ఒకచోట నిలవలేదు. అతను వచ్చి క్యాన్లు దించుతుండగా నగేష్ ఫోన్ చేశాడు.

"అన్నా, ఆఖరికి పాలు గూడ బంద్ వెట్టినవా? అమ్మ పొద్దుగాల నుంచి గిన్నె పట్టుకొని గడపల కూసుంది. చాయ్ గూడ తాగుతలేదు."

రామ్‌చందర్ ముఖం మాడిపోయింది. కైలాసం వైపు చూశాడు.

"ఫోన్ల ఆ పేరు రాలేదు సేట్. వస్తే ఎందుకు పొయ్య?"

"ఊరందరికీ పాలు వోసి నా తల్లికి ఎగ్గొడ్తవా? గిదేనా నీ చదువు?" కూతురి మీద విరుచుకుపడ్డాడు.

వంటింట్లోంచి భార్య ఆండాలు వచ్చింది. "పిల్ల మీద ఎందుకు లొల్లి? అంత ఫికరుంటే నువ్వెప్పుడన్న ఆమె గడప తొక్కినవా?"

అఖిల ల్యాప్‌టాప్ తెరిచింది. కాసేపటికి తలెత్తింది.

"తప్పు నాదే బాపు. లిస్టుల మొదటి పేరును కంప్యూటర్ సున్నా అని లెక్కవెడ్తది. నేను ఒకటి నుంచి పంపుమని రాసిన. గందుకే రెండో ఇంటి నుంచి మొదలువెట్టింది."

"అంటే అమ్మ పేరు అండ్ల ఉన్నదా?"

"ఉన్నది బాపు. నేనే పిలువలే."

ఆ మాటకు అతని కోపమంతా దిగిపోయింది. ఇన్నాళ్లుగా తానూ పిలవలేదు. క్యాన్ అందుకోబోయిన కైలాసాన్ని వద్దని, తనే బండి తీశాడు. అఖిల వెనక ఎక్కింది.

మాణిక్యమ్మ ఇంకా గడపలోనే ఉంది. రామ్‌చందర్ తల్లి ముఖమే చూస్తూ పాలు పోస్తే సగం గిన్నె బయట ఒలికాయి.

"అమ్మా, నేను పాలు బంద్ వెట్టలేదే."

"పాల సంగతి ఎవడడిగిండు రా? నీకేమన్న అయ్యిందేమోనని పానం కొట్టుకున్నది."

రామ్‌చందర్ ఒలికిన పాలల్లోనే కూర్చుని, తల్లి ఒళ్లో తలపెట్టి ఏడ్చేశాడు. ఆమె అతని తల నిమిరింది.

అఖిల కళ్లు తుడుచుకుంది. "ఇంటికి పోంగనే సరిచేస్త బాపు. రేపు నాయనమ్మ పేరు తప్పకుండ వస్తది."

"వద్దు బిడ్డా, ఆ పేరు తీసెయ్," అన్నాడు రామ్‌చందర్. "గీ ఇంటికి రేపటి నుంచి నేనే తెస్త."