రెండుసార్లు గుంజితే ఆపాలి

బాన్సువాడలో ముత్తెన్న చెయ్యి పడని బండి లేదనేవారు. సొట్ట ఎంత లోతుదైనా సుత్తితో సాపు చేసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి ఇస్తే బండి ఓనరే ఎక్కడ గుద్దానో మరిచిపోయేవాడు. ముప్పై ఏళ్లు అదే బతుకు. ఇప్పుడు మోకాళ్లు మొరాయించి షెడ్డు కొడుకు నితిన్‌కు అప్పగించాడు. కొడుకంటే ప్రాణం. ఊరు ఏమనుకున్నా ఫికర్ లేదు గానీ, వాడు నలుగురిలో "మా నాయిన" అన్నప్పుడు మాత్రం ఛాతీ ఉబ్బుతుంది.

ఆ కొడుకే ఒక ఆదివారం పొద్దున నవ్వుకుంటూ వచ్చాడు.

"నాయినా, ఇసుకతోని రంగు లేపే మిషిన్ కిరాయికి తెచ్చిన. ఫస్టు మన అంబాసిడర్ మీదనే కొట్టి చూస్త. ఇనుము తేలేదాక లేపి కొత్త బండి చేస్త, చూడు."

ముత్తెన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"బానెట్ ముట్టకు బిడ్డా. అది నేను జేస్త."

"నీ మోకాళ్లతోని ఏం నిలబడ్తవ్?"

"జేస్తనన్న గద!"

ఎందుకో అతనికొక్కడికే తెలుసు. తొమ్మిదేళ్ల కింద, యాసంగి కోతలప్పుడు, పొద్దుగూకాక ఈ అంబాసిడర్‌లోనే రుద్రూర్ నుంచి వస్తున్నాడు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, వాన భయానికి నల్ల టార్పాలిన్ కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టారు. ఎదురుగా లారీ వచ్చింది. వడ్లే కదా అని బండిని అటు తిప్పాడు. లైటు వెలుగుకు టార్పాలిన్ లేచి కూర్చుంది. దాని కింద వడ్లకు కావలి పడుకున్న పిల్ల ఉంది. తండా పిల్ల, పద్నాలుగేళ్లు. చాంద్రి అనే పేరు తర్వాత పేపర్లో చదివాడు.

బానెట్‌కు తగిలి పడ్డా ఇంకా ప్రాణముంది. "అన్నా... నీళ్లు..." అంది. బండిలో సీసా నిండా నీళ్లున్నాయి. ముత్తెన్న అటూ ఇటూ చూశాడు. టార్పాలిన్‌ను పిల్ల మొహం మీదికి లాగాడు. గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు సర్ది మరీ వచ్చేశాడు. తెల్లారేసరికి సొట్ట పుట్టీ కింద దాగింది. గుద్దిన బండి ఏదైనా రిపేరుకొచ్చిందా అని పోలీసులు అతన్నే అడిగారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు! చాయ్ తాగించి, లేదని పంపాడు.

దుమ్ము పక్కింటి రెహానా బట్టల మీద పడకుండా పెరట్లో కారు చుట్టూ పరదాలు కట్టారు. తడి ఇసుక పైపులో అడ్డం పడుతుందని, నితిన్ దాన్ని వడ్లలాగే టార్పాలిన్ మీద ఆరబోశాడు. ముత్తెన్న అటు చూడలేదు. కంప్రెసర్ మోతలో చెవి దగ్గర అరిచినా వినపడదు, అందుకని ఒక గుర్తు పెట్టుకున్నారు. బయటి నుంచి పైపు ఒకసారి గుంజితే ఇసుక అయిపోవచ్చిందని. రెండుసార్లు గుంజితే, ఉన్నపళంగా ఆపాలి.

డోర్లు, టాపు నితిన్ చేశాడు. పన్నెండు గంటలకు నితిన్‌ను బయట మిషిన్ దగ్గర ఉంచి, ముత్తెన్న ముసుగు తొడుక్కుని లోపలికెళ్లాడు. పుట్టీ ఉన్న చోట దళసరి టేపు అతికించి, చుట్టూ కొట్టడం మొదలుపెట్టాడు. పట్టపగలే దుమ్ముకు లోపల మసకబారింది. వేడెక్కిన ఇనుము వాసన... దాని అడుగున ఇంకో వాసన. తడిసి మగ్గిన వడ్ల వాసన.

టేపు లేచిపోయింది.

పుట్టీ పెచ్చులు పెచ్చులుగా రాలింది. సొట్ట బయటపడింది. సొట్ట మధ్యలో, ఇనుములోకి దిగబడి, ఒక చెయ్యి అచ్చు. అయిదు వేళ్లు. చిన్నవి. ఆనాడు అది లేదు... ఒట్టు, లేదు.

నితిన్ చూస్తే? చూసి అడిగితే?

ముత్తెన్న పైపు మూతి ఆ అచ్చుకే ఆనించాడు. చెరిగిపోవాలి. కొట్టిన కొద్దీ వేళ్లు ఇంకా తేటగా తేలుతున్నాయి.

పైపు గుంజింది. ఒకసారి. రెండోసారి.

ఆపితే వాడు లోపలికొస్తాడు. ముత్తెన్న ఆపలేదు.

మళ్లీ రెండుసార్లు... గట్టిగా. "ఉండురా, ఉండు!" అని ముసుగులో గొణిగాడు. మళ్లీ రెండుసార్లు గుంజింది గానీ, ఈసారి బలం లేదు. చంటిపిల్ల కొంగు లాగినట్టుంది.

ఇక గుంజలేదు.

ఇసుక దానంతటదే ఆగిపోయింది. పైపు మూతి నుంచి చివరగా నాలుగు వడ్ల గింజలు రాలాయి.

ముసుగు పీకి బయటికొచ్చాడు. కంప్రెసర్ ఆగి ఉంది. నితిన్ లేడు. వాడి చెప్పులున్నాయి. ఆరబోసిన ఇసుక మీద నల్ల టార్పాలిన్ కప్పి ఉంది... మనిషి పొడవున. నాలుగు మూలలా నాలుగు రాళ్లు.

"నాయినా... నీళ్లు..."

ఈసారి ముత్తెన్న ఉరికాడు. ఏ మోకాళ్లూ అడ్డం రాలేదు. బిందెతో నీళ్లు తెచ్చి, రాళ్లు అవతల పడేసి, టార్పాలిన్ లాగేశాడు.

కింద ఇంకో టార్పాలిన్. నాలుగు రాళ్లు.

అదీ లాగాడు. కింద ఇంకొకటి. గొంతు ఒక పొర లోతుకు పోయింది. "నాయినా..." లాగాడు. ఇంకొకటి. గోళ్లు చిట్లాయి. "వస్తున్న బిడ్డా... వస్తున్న..." ఇంకొకటి. ఇంకొకటి.

ప్రహరీ మీదుగా రెహానా తొంగిచూసింది.

"ఏందన్నా గిది? అర్ధగంట సంది చూస్తున్న. ఒక్కటే టార్పాలిన్ తీస్తున్నవ్, మళ్ల నువ్వే కప్పుతున్నవ్. రాళ్లు గూడ నువ్వే పెడ్తున్నవ్." ఆమె గొంతు సన్నబడింది. "కింద ఎవరున్నరన్నా?"

ముత్తెన్న తన చేతుల వంక చూసుకున్నాడు. మూడు మూలలా రాళ్లు పెట్టేసి ఉన్నాయి. నాలుగోది చేతిలో ఉంది.

టార్పాలిన్ అంచు లోపలి నుంచి గుంజుకుంది. ఒకసారి. రెండోసారి.

వద్దు వద్దని అరుస్తూనే ఉన్నాడు. అతని చేతులు ఆ రాయిని మెల్లగా దించి, గాలికి లేవకుండా సరిచేశాయి.