ఇంటిపేరు ముందు

"ఆధార్ కార్డు రెండు వైపులా కావాలి," అన్నాడు మధుసూదన్.

"రంగులనా, నలుపు తెలుపులనా?" తల ఎత్తకుండానే అడిగాడు జిరాక్స్ షాపు ఐలయ్య.

"ఉన్నది ఉన్నట్టు."

కోడ్ సరిపోయింది. ఐలయ్య కౌంటరు పలక పైకెత్తి అతన్ని లోపలికి రానిచ్చాడు. లింగంపల్లి రైల్వే స్టేషన్ ఎదుట సందులో ఉన్న ఆ షాపుకి రోజుకు రెండొందల మంది వస్తారు. కళ్లజోడు జారిపోతుంటే కాగితాలు సర్దుకునే ఈ ముసలాయన సైబరాబాద్ గూఢచారి విభాగానికి చీఫ్ అని వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

శనివారం, ఉదయం ఏడున్నర. మధుసూదన్ ఏమీ తినలేదు. వాళ్ల ప్రొద్దుటూరి ఇంట్లో తాతల నాటి నుంచి శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు. దానికి అతను తన సొంత నియమం ఒకటి చేర్చుకున్నాడు. శనివారం అబద్ధమాడడు. మిగతా ఆరు రోజులూ చేసేది ఆ పనే కాబట్టి ఏడో రోజైనా నోరు కడుక్కుందామనుకున్నాడు. విభాగంలో అందరూ దీని మీద నవ్వుకుంటారు. చీఫ్ మాత్రం నవ్వకుండా పదకొండేళ్లుగా అతనికి శనివారం సెలవిస్తూ వచ్చాడు.

"ఇయ్యాల మాత్రం తప్పది మధూ," అన్నాడు ఐలయ్య. "మెయిళ్లు ఇయ్యాలనే మారుతున్నయ్."

బ్రీఫింగ్ ఆరు నిమిషాల్లో అయిపోయింది. నానక్‌రామ్‌గూడలోని త్రినేత్ర సిస్టమ్స్‌ని ఆర్కెలాన్ అనే విదేశీ కంపెనీ కలిపేసుకుంది. ఈరోజు మధ్యాహ్నం పన్నెండుకు త్రినేత్ర ఉద్యోగులందరి మెయిల్ అకౌంట్లూ ఆర్కెలాన్ సర్వర్‌కి మారతాయి. ఆ ఉద్యోగుల్లో శ్రీపతి నరహరి ఒకడు. కంపెనీ పని మీద రెండేళ్లుగా పరాయి దేశంలో ఉన్నాడు. మన మనిషి. అక్కడి గూఢచారి ముఠా అతన్ని పసిగట్టింది. ఈ రాత్రికి అతను సరిహద్దు దాటాలి. ఏ దారి, ఏ బండి అన్నది పన్నెండున్నరకు అతని కంపెనీ మెయిల్‌కి వెళుతుంది. అతనికి ఫోను లేదు. ఇంకో మార్గం లేదు.

కొత్త సర్వర్‌లో ముఠా అప్పుడే ఒక రూల్ పెట్టేసింది. నరహరికి వచ్చే ప్రతి మెయిలూ ఒక కాపీ వాళ్లకు పోతుంది.

"రూల్ తీసెయ్యలేమా?"

"పది నిమిషాలకోసారి చూసుకుంటున్నరు. తీస్తే మనకు తెల్సిందని వాళ్లకు తెలుస్తది. పని ఆపినా గంతే." ఐలయ్య యంత్రం మూత వేశాడు. "ఆయన భార్య పుణ్యవతి నిన్న ఈడికే వచ్చింది. బిడ్డ స్కూల్ ఫారం జిరాక్స్ తీయించుకుంది. మా ఆయన వచ్చే నెల వస్తడని చెప్పింది. నేనెవర్నో ఆమెకు తెల్వదు."

మధుసూదన్ తలూపాడు. ఒకప్పుడైతే ఇలాంటి మాటకు కళ్లు చెమ్మగిల్లేవి. ఎప్పటి నుంచి ఆ చెమ్మ ఆగిపోయిందో అతనికి గుర్తు లేదు. చావుకబురు విన్నా, పెళ్లికబురు విన్నా ఇప్పుడు ఒకే చెవితో వింటున్నాడు.

ఐలయ్య అతనికి కొత్త ఐడీ కార్డు ట్యాగ్ ఇచ్చాడు. అందులో ఒక చిన్న యంత్రం ఉంది. ఆ రూల్ వల్ల ఏ మెయిల్ కాపీ బయటికి పోయినా అది ఒక్కసారి వణుకుతుంది. అంతకుముందు ఆ యంత్రాన్ని మెడలోని తులసిపూసలో అమర్చుతామంటే మధుసూదన్ ఒప్పుకోలేదు.

"ఆర్కెలాన్‌ల ఉన్న వాసంతి మనామెనే అంటరు," అన్నాడు ఐలయ్య చివరికి. "రూల్ సంగతి చెప్పింది ఆమె. వాళ్ల కోసం ఆ రూల్ పెట్టింది గూడ ఆమెనే. రెండు వైపులా జిరాక్స్. ఏది ముందో, ఏది వెనకో నాకైతే తెల్వదు. నువ్వు జర చూస్కో."

*

షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడ చేరేసరికి తొమ్మిదయింది. మధుసూదన్ త్రినేత్రలో నాలుగు నెలలుగా, మెయిళ్లను కొత్త సర్వర్‌కి మార్చే మైగ్రేషన్ ఇంజనీరు. పేరు అసలుదే, పని నిజంగానే చేస్తున్నాడు. కాబట్టి అది శనివారపు అబద్ధం కిందికి రాదని సర్దిచెప్పుకున్నాడు. ఆ సర్దుబాటు స్వామికి నచ్చిందో లేదో అడిగే వీలు లేదు.

తొమ్మిదో అంతస్తులో వార్ రూమ్. ఊరికే ఆ పేరు పెట్టారు. పొడుగాటి బల్ల, చల్లటి ఏసీ, గోడ మీద పెద్ద తెర. తెరలో వోల్కర్ అనే ఆర్కెలాన్ అధికారి, తన దేశంలో కూర్చుని అన్నీ చూస్తున్నాడు. ముఠాకి అతనే నాయకుడు. బల్ల చివర వాసంతి. నెమలికంఠం రంగు చీర, పొట్టి జుట్టు, చెవులకు ఒంటి ముత్యాలు. ఆమె నడిచి వస్తే ఇంజనీర్లు కీబోర్డు మీద తప్పులు కొడతారు. సింగపూర్‌లో పెరిగానని చెబుతుంది. తెలుగు మాత్రం శుభ్రంగా మాట్లాడుతుంది.

ఆమె బిస్కెట్లు ముందుకు జరిపింది.

"శనివారమండీ," అన్నాడు మధుసూదన్.

"ఓ, ఉపవాసమా? మా ఇంట్లోనూ ఉండేవాళ్లు." ప్లేటు తన వైపు లాక్కుంది.

మధుసూదన్ తన షీట్ తెరిచాడు. రెండు వేల పై చిలుకు వరుసలు. ఎడమవైపు పాత అడ్రస్, కుడివైపు కొత్తది. త్రినేత్రని పెట్టింది ఇక్కడివాళ్లు. పెళ్లిపత్రికలో రాసినట్టే మెయిల్‌లోనూ ఇంటిపేరు ముందు, పేరు తర్వాత పెట్టుకున్నారు. ఆర్కెలాన్ వాళ్లది తలకిందులు. పేరు ముందు, ఇంటిపేరు తర్వాత. అందుకని నాలుగు నెలలుగా అతను మనుషుల పేర్లను ఒక్కొక్కటే తిరగేస్తున్నాడు. ఇంటిపేరు వెనక్కిపోయిన మనిషి కొత్తవాడవుతాడా అని మొదట్లో ఆలోచించేవాడు. తర్వాత మానేశాడు.

శ్రీపతి నరహరి కొత్త అడ్రస్ నరహరి డాట్ శ్రీపతి. ముఠా రూల్ దాని మీదే ఉంది.

పక్క వరుస చూశాడు. ఈ నాలుగు నెలల్లో వంద సార్లు చూసిన వరుసే. నరహరి శ్రీపతి. ఇతనికి నరహరి ఇంటిపేరు, శ్రీపతి పేరు. కింద ఫెసిలిటీస్ డెస్కులో కూర్చుని లిఫ్టులు, ఏసీలు, కుళాయిల మీద ఫిర్యాదులు అందుకునే మనిషి. అతని పాత అడ్రస్ నరహరి డాట్ శ్రీపతి.

ఈ రెండు వరుసలు తిరగేయకుండా వదిలేస్తే చాలు. అసలు మనిషి మెయిల్ పాత పేరుతోనే భద్రంగా ఉంటుంది. ముఠా రూల్‌కి లిఫ్టుల మనిషి దొరుకుతాడు. రూల్ చెక్కు చెదరదు.

ఏమీ ఎరుగని ఆ శ్రీపతిని దొంగల ముందు నిలబెట్టడం ధర్మమేనా? నరహరి మెయిల్ పాత అడ్రస్‌కే పంపమని చెబుతూ, ఈ మాటా అడుగుతూ ఐలయ్యకు మెసేజ్ పెట్టాడు. అతని ఇంటి దగ్గర ఇద్దర్ని కాపలా ఉంచుతానని జవాబొచ్చింది. ధర్మం సంగతి చీఫ్ రాయలేదు.

మధుసూదన్ రెండు వరుసలూ మళ్లీ ఇంటిపేరు ముందుకి మార్చాడు.

పన్నెండుకు మూడు నిమిషాలుండగా వాసంతి లేచి వచ్చి అతని వెనక నిలబడింది. ఆఖరి తనిఖీ ఆమెదే. వేలు స్క్రీన్ మీద జారుతూ జారుతూ ఆగింది.

"ఈ రెండూ తిరగేసినట్టు లేవే."

తెర మీద వోల్కర్ ముందుకు వంగాడు. ఏమైందని ఇంగ్లీషులో అడిగాడు.

వాసంతి తెర వైపు తిరగలేదు. "మధుసూదన్ గారూ, నరహరి, శ్రీపతి. వీటిలో ఇంటిపేరు ఏది?"

ఒక్క అబద్ధం చాలు. మిగతా ఆరు రోజుల్లో ఏ రోజైనా అది నీళ్లు తాగినంత తేలిగ్గా వచ్చేది. గోడ గడియారంలో పన్నెండుకు ఇంకొక నిమిషమే ఉంది. మధుసూదన్ మెడలో పూస తడుముకున్నాడు.

"రెండూ ఆ స్వామి పేర్లేనండీ," అన్నాడు.

వాసంతి అతని కళ్లలోకి చూసింది. వోల్కర్ మళ్లీ అడిగాడు, ఈసారి గొంతు పెంచి. ఆ మనిషి ఏమంటున్నాడు?

రెండూ సరైనవే అంటున్నాడని ఆమె ఇంగ్లీషులో చెప్పి, వంగి మీట నొక్కింది.

పన్నెండు.

*

పన్నెండున్నర అయింది. నరహరి దారి, బండి వివరాలు ఈ క్షణంలోనే ఎక్కడో సర్వర్‌లో దిగుతున్నాయి. మధుసూదన్ ఛాతీ మీద ట్యాగ్ కదలలేదు. పన్నెండూ ముప్పై ఒకటి. ముప్పై రెండు.

పన్నెండూ ముప్పై నాలుగుకి ట్యాగ్ వణికింది.

అయిపోయాడు నరహరి అనుకున్నాడు. స్కూలు ఫారం పట్టుకుని నిలబడ్డ ఒక మొహం తెలియని ఆడమనిషి కళ్ల ముందు మెదిలింది. ఏడుపు రాలేదు, చెమట పట్టలేదు. లేచి, ఎనిమిది అంతస్తులు మెట్ల మీదుగా దిగి ఫెసిలిటీస్ డెస్కు దగ్గరికి పోయాడు.

శ్రీపతి అనే ఆ లావుపాటి మనిషి కంప్యూటర్ ముందు గొణుక్కుంటున్నాడు.

"కొత్త సర్వర్ ఏమోగానీ సార్, పాత లొల్లి మాత్రం పోలే. సూడుండ్రి, ఇప్పుడే వచ్చింది. నాలుగో అంతస్తు లిఫ్ట్ ఎప్పుడు బాగవుతదని. మూడు నెలల సంది ఇదే."

"ఎన్ని గంటలకు వచ్చింది?"

"పన్నెండూ ముప్పై నాలుగు. ఏంది సార్, గంత పరేషాన్ ఉన్నరు?"

మధుసూదన్ అక్కడున్న కుర్చీలో కూర్చున్నాడు. ఏమీ లేదని అనబోయి, శనివారమని గుర్తొచ్చి, "మెట్లు దిగి వచ్చాను," అన్నాడు.

నాలుగింటికి గేటు దగ్గర వాసంతి క్యాబ్ కోసం నిలబడి ఉంది. విమానం ఎక్కబోతున్నానంది. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. క్యాబ్ వచ్చాక తలుపు తీసి, వెనక్కి తిరగకుండానే అంది.

"మా అమ్మమ్మ వాళ్లూ శ్రీపతి వాళ్లేనండీ. నంద్యాల."

బండి వెళ్లిపోయింది. మధుసూదన్ ఆ మాటను మనసులో రెండుసార్లు తిప్పి చూశాడు. ఇంటిపేరు ఏదో ఆమెకు ముందే తెలుసన్నమాట. తనను కాపాడింది తన నియమమా, ఆవిడ దయా, లేక స్వామి రెండు పేర్లలో ఒకటా? ఎటూ తేల్చుకోలేక, భార్య నాగమణి పొద్దున చెప్పిన కర్పూరం కొనుక్కుని ఆటో ఎక్కాడు. ఇంట్లో దీపం పెట్టి, రెండు ఇడ్లీలతో ఒక్కపొద్దు విడిచాడు. ఇడ్లీ వేడిగా ఉందో చల్లగా ఉందో నాగమణి అడిగితే గానీ గమనించలేదు.

మర్నాడు పొద్దున ఐలయ్య షాపులో వరుసకు ముందు ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో ఏ కాగితమూ లేదు. మా ఆయన ఫోన్ చేసిండు, రేపే వస్తుండు అని షాపువాడికి చెప్పడానికే వచ్చింది. దారిలో ఇంకెవరూ కనబడలేదట చెప్పుకోవడానికి. ఐలయ్య మంచిదమ్మా అన్నాడు. వెనక వరుసలో నిలబడ్డ మధుసూదన్‌కి కళ్లలో ఏదో నలుసు పడ్డట్టయింది. రుద్దుకున్నాడు. తడి తగిలింది. ఇదేమిటా అని వేలిని కాసేపు చూసుకున్నాడు.

పదిహేను రోజుల తర్వాత విభాగానికి ఒక కబురందింది. వోల్కర్ ముఠాలోని కోడ్ నిపుణులు ముగ్గురు ఒకే ఒక్క వాక్యం మీద పగలంతా పనిచేస్తున్నారట. నాలుగో అంతస్తు లిఫ్ట్ ఎప్పుడు బాగవుతుంది అన్న దాంట్లో అసలు రహస్యం ఏమిటన్నది వాళ్లకింకా అంతుపట్టలేదు.

లిఫ్ట్ ఎప్పుడు బాగవుతుందో ఇక్కడ శ్రీపతికే తెలియదు.