కట్టు కింద కాటుక

నంద్యాల ఆస్పత్రిలో మా జాహ్నవి పక్క మంచం సిరిది. ఇద్దరూ ఏడో తరగతే. ఇద్దరికీ చెంప మీద బొల్లి మచ్చే. తొడ మీద పలచగా చర్మం తీసి, దాంట్లోని రంగు కణాలు వేరుచేసి, గీరిన మచ్చ మీద పూసి కట్టు కట్టారు. వారం దాకా విప్పగూడదు, నవ్వగూడదు. పిల్లలిద్దరూ మూతులు బిగించుకుని కళ్ళతోనే నవ్వుకునేవాళ్ళు.

సిరి వాళ్ళమ్మ నాగజ్యోతిది బండి ఆత్మకూరు. కట్టుతోనే కూతుర్ని ఇంటికి పిల్చుకుని పొయ్యేముందు దాని అరికాల్లో కాటుకతో దిష్టిచుక్క పెట్టింది.

"ఈ పాపక్కూడా పెడతానక్కా?"

"అడగాల్నా? నీ బిడ్డే అనుకోమ్మా" అన్నా.

పెట్టింది. వేలు చల్లగా ఉందని జాహ్నవి కాలు లాక్కుంది.

ఆ మధ్యాహ్నమే వాళ్ళ ఆటోను లారీ గుద్దింది. తల్లీబిడ్డా పోయినారు.

వారానికి మా పాప కట్టు విప్పిన నర్సు నా మొగం చూసింది.

"ఏందమ్మా ఇది? ఎవురు విప్పినారు దీన్ని?"

ఎవరూ విప్పలేదు. పచ్చి చెంప నడుమ కాటుక చుక్క. తడిగా... ఆముదం దీపపు మసి వాసన.

ఆళ్ళగడ్డలో మా ఇంట కాటుకే లేదు. అయినా తెల్లారేసరికి చుక్క ఉండేది. తుడిచేదాన్ని. మళ్ళీ ఉండేది. నెలలు గడిచినాక రంగు రాసాగింది. చుక్క నిలిచిన చోటే. తుడిచిన చోట తెలుపు తెలుపే.

తుడవడం మానేసినా.

"మచ్చ యాడుండాదో చెప్పు చూద్దాం!" మా ఆయన అద్దం పట్టుకుని మురిసిపోయినాడు. జాహ్నవి అద్దంలో తనను చూసుకోలేదు. నా భుజం వెనక చూస్తాంది.

మచ్చ నిండింది. చుక్క ఆగలేదు. మంచి చెంప మీదికి వచ్చింది. గొంతు మీదికి... పడిన చోటల్లా చామనచాయ. మా ఇంట్లో ఎవరిదీ కాదు ఆ రంగు.

సిరిది.

నిన్న తల దువ్వుతా, గుసగుసగా అడిగినా.

"ఎవురు పెడతాండారమ్మా?"

"అమ్మ."

"నేను గదా అమ్మను..."

నా చేతిలోంచి దువ్వెన మెల్లగా తీసుకుంది.

"నువ్వే ఇచ్చినావంట గదా."

దాని మొగంలో మా రంగు మిగిలింది ఒక్క చోటే. నుదుటి మీద, నేను రోజూ ముద్దు పెట్టుకునే చోట. ఈ పొద్దు ఆడ కూడా చుక్క.

తుడుద్దామని చెయ్యి చాపినా.

నా వేలు ముందే కాటుకతో నల్లగా ఉండాది.