మొద్దు పాసవకూడదు

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. భవిష్యత్తు గురించి కథలు రాసేవాళ్ళంతా తెలివైన యంత్రాల మీద మోజుపడతారు. నాకు మాత్రం తెలివితక్కువ యంత్రమంటేనే ఇష్టం. కాబట్టి ఈ కథలో నేను ఎవరి పక్షమో దాచుకోను.

అది 2074. కాకినాడ తీరానికి దూరంగా, సముద్రం మీద, గాలిమరల మధ్య తేలే ఊరు. అక్కడ పొద్దున్నే పళ్ళు తోముకున్నాక అందరూ చేసే పని చెవిపలుకు పెట్టుకోవడం. శనగగింజంత పరికరం. ఎదుటివాళ్ళు ఏ భాషలో మాట్లాడినా మన భాషలో మన చెవిలో పడుతుంది. ఒడియా ఆవిడ చేపలమ్ముతుంది, బెంగాలీ ఆయన బేరమాడతాడు, ఎవరి భాషలో వాళ్ళు హాయిగా తిట్టుకుంటారు. చిక్కల్లా ఛార్జింగ్ అయిపోయినప్పుడే. అప్పుడు గోడ అవతలి మనిషి కూడా ఏ గ్రహం నుంచో దిగినట్టుంటాడు.

ఆ ఊళ్ళో ఇంకో ఆనవాయితీ ఉంది. గాలిమరల సాంకేతికులకు ఏటా పరీక్ష పెడతారు. పాసైనవాళ్ళ ఇంట్లో లడ్డూలు పంచుతారు. తర్వాత వాళ్ళను లోతునీళ్ళ కేంద్రానికి బదిలీ చేస్తారు. కుటుంబాలకు అక్కడ చోటుండదు. అక్కడికి వెళ్ళినవాళ్ళు కూడా ఏటా ఆ పరీక్ష రాయాల్సిందే. తప్పితే వెనక్కి పంపేస్తారు. అక్కడ ఇంతవరకు ఎవరూ తప్పలేదు, పరువు సమస్య.

ఇక బడి. గుమ్మం దగ్గర ఒక స్టీలు పళ్ళెం. చెవిపలుకు తీసి అందులో వేస్తేనే లోపలికి ప్రవేశం. ఈ నియమం పెట్టింది హిమజ. తరగతి గది యంత్రాలు తయారుచేయడం ఆమె ఉద్యోగం. అప్పటిదాకా వచ్చిన యంత్రాలన్నీ బ్రహ్మాండంగా పాఠం చెప్పేవి, పిల్లలు బ్రహ్మాండంగా ఆవులించేవారు. మాట్లాడేవాళ్ళకే భాష వస్తుంది, వినేవాళ్ళకు నిద్రొస్తుంది అని హిమజ వాదన. అందుకే ఆమె ఏ భాషా రాని యంత్రాన్ని చేసింది. పేరు శూన్యభాషి. గుమ్మడికాయంత ఒళ్ళు, ఒక కెమెరా కన్ను, ఒక చెయ్యి. ఏదో ఒక వస్తువు చూపించి బిక్కమొహం వేయడం, చెప్పింది చేయడం, అంతే దాని ప్రతిభ. తెలుగు దానికి పిల్లలే నేర్పాలి.

అందులో ఒక మెలిక పెట్టింది. పేరు సమ్మతి సూత్రం. ఒక్కరు చెబితే యంత్రం పట్టించుకోదు. వేరువేరు ఇళ్ళ భాషల పిల్లలు ఇద్దరు ఒకే మాట ఒప్పుకుంటేనే అది దాని జ్ఞాపకంలో నిలుస్తుంది. ఒప్పుకోవాలంటే వాదించుకోవాలి. వాళ్ళిద్దరికీ ఉమ్మడిగా ఉన్నది కాస్తో కూస్తో వచ్చిన తెలుగే. పెద్దవాళ్ళ గొంతు మాత్రం పరీక్ష రోజున తప్ప దానికి వినపడదు.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత మర్యాదగా నా నోరు ఎవరూ మూయించలేదండి," అన్నారు తరగతి ఉపాధ్యాయుడు బెన్‌హర్ మాస్టారు.

పిల్లలు దానికి మొద్దు అని పేరు పెట్టారు. బళ్ళో పెద్దవాళ్ళతో పెదవి విప్పని ఝుంపా అనే బెంగాలీ పిల్ల మొద్దుతో మాత్రం గలగలా మాట్లాడేది. హిమజకు ఉత్సాహం ఆగలేదు. "ఇది పరీక్ష పాసైతే లోతునీళ్ళ దారిలో ఉన్న బడికి పంపిస్తా. అక్కడా పిల్లలున్నారు," అని సంబరంగా చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడు ఆమె గమనించలేదు.

పరీక్ష రోజు విద్యామండలి నుంచి శేషఫణి వచ్చారు. నియమం ప్రకారం చెవిపలుకు తీసి పళ్ళెంలో వేశారు. మొద్దుకు తెలుగు వచ్చినట్టు తేలితే పిల్లలకు వచ్చినట్టు లెక్క. తేలకపోతే భాషా పీరియడ్ రద్దు, పళ్ళెం కూడా రద్దు.

"ఎర్ర బంతి బల్ల మీద పెట్టు."

మొద్దు నీలం బంతి తీసి బల్ల కింద పెట్టింది.

"తలుపు వెయ్యి."

వేసి ఉన్న తలుపు తెరిచింది.

శేషఫణి నిట్టూర్చారు. "చూడమ్మా, శ్రమపడ్డావు, కాదనను. కానీ రేపట్నుంచి వీళ్ళని చెవిపలుకులు పెట్టుకోనీ."

"మీరు టీ తాగి రండి సర్," అంది హిమజ. "నేను ఇంకా ఓడిపోలేదు."

ఆయన వెళ్ళాక ఆమె అవే ప్రశ్నలు వరస మార్చి అడిగింది. ఎన్నిసార్లడిగినా ఎరుపంటే నీలమే, మీదంటే కిందే. రాని యంత్రం తడబడుతుంది, ఒకసారి ఇలా, ఒకసారి అలా. ఇది తడబడట్లేదు. ఎవరో శ్రద్ధగా నేర్పినట్టుంది. పైగా ప్రతి తప్పుకూ ఇద్దరి సమ్మతి కావాలి.

హిమజ వెనక్కి తిరిగింది. తరగతి మొత్తం సముద్రం వైపు చూస్తోంది, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు.

"ఎవరు నేర్పారు దీనికి?"

"మేమే," అంది ఝుంపా.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. ఆ గొంతు పెద్దవాళ్ళకు జవాబివ్వడం ఆయన వినడం అదే మొదటిసారి.

"ఎందుకే?" అంది హిమజ.

"నువ్వే కదక్కా చెప్పావు, పాసైతే పంపేస్తానని. మా నాన్న కూడా పాసయ్యాడు. లడ్డూలు పంచాం. తర్వాత సోమవారం పడవెక్కించేశారు." పక్కనున్న ఒడియా కుర్రాణ్ణి చూపించింది. "దిబాకర్ వాళ్ళ నాన్న తప్పాడు. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. రోజూ వీడికి జడ కూడా... కాదు, వీడికి జుట్టు దువ్వుతాడు."

"రోజూ కాదు," అన్నాడు దిబాకర్ సిగ్గుపడి. "అయినా నీలం ఐడియా నాది. ఝుంపా ఆకుపచ్చ అందామంది."

"ఆకుపచ్చే బాగుండేది. నువ్వు గొడవ చేశావు."

"గొడవ నువ్వు చేశావు. వారం రోజులు నాతో మాట్లాడలేదు."

తరగతంతా అందుకుంది. ఏ తప్పు ఎవరు కనిపెట్టారో, ఎవరు మర్చిపోయి ఒప్పు చెప్పేశారో, ఎవరికి మొట్టికాయలు పడ్డాయో, అన్నీ తెలుగులోనే. గుమ్మంలో శేషఫణి టీ గ్లాసుతో ఎప్పుడొచ్చి నిలబడ్డారో ఎవరూ చూడలేదు. ఆయన ఒకసారి చెవి తడుముకున్నారు. ఖాళీగానే ఉంది.

"మాస్టారూ, ఇదంతా మీరు నేర్పారా?"

"నాకేం సంబంధం లేదండి. నన్ను మాట్లాడనిస్తే కదా."

"సర్, పరీక్ష మొద్దుకి కాదు, వీళ్ళకి పెట్టండి," అంది హిమజ.

"ఇంతసేపూ జరిగిందేమిటమ్మా మరి," అన్నారాయన. తరగతి పాసయింది. మొద్దు తప్పింది. తప్పినవాళ్ళు అదే తరగతిలో ఉండాలన్నది విద్యామండలి నియమం. అవతలి బడికి హిమజ ఇంకో శూన్యభాషిని చేసి పంపింది. ఈసారి పంపిస్తానని ఎవరికీ ముందు చెప్పలేదు.

ఆ ఏడాది లోతునీళ్ళ కేంద్రంలో పరీక్ష రాసిన ఒక సీనియర్ సాంకేతికుడు ఘోరంగా తప్పాడు. పైకి అన్నచోట కిందికి, బిగించు అన్నచోట వదులు చెయ్యి. అన్నీ తలకిందులే, ఎక్కడా తడబాటు లేదు. పరీక్షకు ముందు నెలంతా ఆయన రోజూ కూతురితో ఫోన్‌లో మాట్లాడేవాడట.

సోమవారం ఆయన పడవ దిగాడు. ఝుంపా ఇంట్లో లడ్డూలు పంచారు. మొద్దు చేతిలో కూడా ఒకటి పెట్టారు.

మీరెప్పుడైనా ఎవరినో దగ్గర ఉంచుకోవడానికి కావాలని తప్పు చేశారా, లేక చేయించారా? ఉంటే రాసి పంపండి. మార్కులు వేయను.