ఒకటో నంబర్ మోకాళ్లు

ఉదయం ఎనిమిదింటికి బస్సు డిపో గేటు దగ్గర ఆగింది. డ్రైవర్ మాత్రం దిగలేదు. స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. పిస్టల్‌కి సైలెన్సర్ ఉండటంతో చప్పుడే కాలేదు. వారంలో ఇది మూడో హత్య. చచ్చిన ముగ్గురూ మారువేషాల్లో బతుకుతున్న సీక్రెట్ సర్వీస్ మనుషులే.

"ముగ్గురూ ఒకే ఫ్రీ క్లినిక్‌లో మోకాళ్లు చూపించుకున్నారు," అన్నాడు చీఫ్, ఫైలు టేబుల్ మీదికి విసిరి. "ఎక్స్‌రేకి దొరకని అరుగుదలని అక్కడి మెషిన్ వెలుతురుతో పట్టేస్తుంది."

"పట్టేస్తే?" అన్నాడు ఏజెంట్ పదిహేడు.

"పారాచూట్‌తో దిగేటప్పుడు మనవాళ్లు కుడిపక్కకి దొర్లుతారు. అందుకని కుడి మోకాలు బయటి అంచున మృదులాస్థి ముందు చెడుతుంది, నొప్పి తెలియడానికి ఏళ్ల ముందే. ఆ గుర్తున్న వాళ్లందరి లిస్టు ఇవాళ పన్నెండింటికి శత్రువుల హంతకులకి చేరుతుంది." చీఫ్ గొంతు తగ్గించాడు. "నిన్న మీ తమ్ముడు కూడా వెళ్లాడట."

"వెధవ! నాతో ఒక్క మాట చెప్పి ఏడవచ్చుగా!"

తమ్ముడిది అంబులెన్స్ డ్రైవర్ వేషం. పేషెంట్‌తో తెల్లారే ఊరు దాటాడు. ఫోన్ కలవడం లేదు.

చీఫ్ ఒక స్టీలు కొలత టేపు ముందుకి తోశాడు. "దీని లాక్ నొక్కితే నాలుగడుగుల్లోపు ఉన్న కంప్యూటర్ మెమరీ బూడిదే. క్లినిక్ డాక్టర్ డబుల్ ఏజెంట్, మన మనిషే. ఈ లిస్టు సంగతి చెప్పిందీ ఆవిడే. పాపం, విమానం ఎక్కాలంటేనే భయపడే మనిషి. టేపు ఆవిడకిచ్చి వచ్చెయ్."

పదకొండున్నరకి టైల్స్ మేస్త్రీ ఒకడు, ప్యాంటు నిండా సిమెంటు మరకలతో, క్లినిక్ బల్ల మీద పడుకున్నాడు. అద్దాల తలుపు అవతల గార్డు కాపలా ఉన్నాడు. డాక్టర్ అందం గురించి చెప్పాలంటే, గార్డు పేషెంట్‌ని చూడటమే మానేశాడు.

"నొప్పి మెట్లెక్కితేనా, దిగితేనా?"

"చదునైన నేల మీదే డాక్టరమ్మా."

కోడ్ సరిపోయింది. "గార్డు చూస్తున్నాడు, టెస్టు నిజంగానే చెయ్యాలి," అని గొణిగి ఆవిడ మత్తు ఇంజెక్షన్ పొడిచింది. కుడి కాలు తొడ దాకా మొద్దుబారింది. సూది మొనంత కెమెరా మోకాల్లోకి దిగింది. స్క్రీన్ మీద తెలుపూ నలుపూ చారలు వరుసగా పరుచుకున్నాయి. బయటి అంచు దగ్గర మాత్రం చెదిరిపోయాయి.

"చారలు చెదిరిన చోట అరుగుదల మొదలైనట్టు," అందామె. "టేపు ఇటివ్వండి. సర్వర్ పక్క గదిలో ఉంది."

ఇవ్వబోయాడు. స్క్రీన్ అడుగున పాత రికార్డుల చిన్న బొమ్మలు కనిపించాయి. ఒకటో నంబర్‌లో రెండు మోకాళ్లు. రెండింటికీ లోపలి అంచునే చారలు చెదిరాయి.

"ఇవెవరివి?"

"నావే. రోజూ నా మోకాళ్లు చూసుకుని మెషిన్ సరిచేసుకున్నాకే పేషెంట్‌ని ముట్టుకుంటా. మా ప్రొఫెసర్ నేర్పిన పద్ధతి, ఒక్కరోజు కూడా తప్పలేదు." గొంతులో గర్వం దాగలేదు.

మూడు నెలలు శత్రువుల శిక్షణ మైదానం పక్క పొదల్లో పడుకుని దోమలకి రక్తం పోసినవాడు పదిహేడు. వాళ్లు దొర్లరు. రెండు పాదాలూ కలిపి నిటారుగా దిగుతారు. దెబ్బ రెండు మోకాళ్ల లోపలి అంచుకే.

"విమానమంటే భయమన్నారు. ఎన్నిసార్లు దూకారేంటి?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "రెండొందల పది. ఆ టేపు కోసమే మీ చీఫ్‌కి లిస్టు ఎర వేశా. లిస్టు ఎలాగూ వెళ్తుంది. నువ్వు మాత్రం ఎక్కడికీ వెళ్లవు, ఆ కాలితో."

టేపు లాక్కోబోయింది. అతను బల్ల మీంచి కింద పడ్డాడు. గార్డు తలుపు తోసుకుని లోపలికి ఉరికాడు. పదిహేడు స్టూలు అతని కాళ్లకి అడ్డంగా తన్నాడు, మత్తు ఎక్కని ఎడమ కాలితో. గార్డు వెళ్లి డాక్టర్ మీద పడ్డాడు. మొద్దు కాలు ఈడ్చుకుంటూ పదిహేడు మోచేతుల మీద పక్క గదికి పాకాడు. సర్వర్ ఇంకా పదడుగుల దూరం. తెర మీద లిస్టు పంపకం తొంభై ఏడు శాతం. తొంభై ఎనిమిది. వెనక నుంచి ఆమె అతని జుట్టు పట్టుకుని గుంజింది.

"చావరా!"

"మీ తరవాతే!"

లాక్ నొక్కి టేపుని నున్నటి టైల్స్ మీద జారవిడిచాడు. అది గిరగిరా తిరుగుతూ వెళ్లి సర్వర్ బీరువాకి కొట్టుకుంది. తొంభై తొమ్మిది దగ్గర తెర నల్లబడింది. అప్పుడు వచ్చారు చీఫ్ మనుషులు, ఎప్పట్లాగే అంతా అయ్యాక.

రెండింటికి ఫోన్ కలిసింది. తమ్ముడి గొంతు వినగానే పదిహేడుకి కళ్లు చెమర్చాయి. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి తిట్టాడు.

"ఒరేయ్ గాడిదా, బతికున్నావా?"

"నాకేమైంది అన్నయ్యా? ఏంటా అరుపులు?"

"ఇకనుంచి మెట్లు తగ్గించు. మన ఇద్దరికీ కుడి మోకాలు అరుగుతోందట. నాది ఇవాళ కళ్లారా చూశా."

"డాక్టర్ మంచివాళ్లేనా? నమ్మొచ్చా?"

పదిహేడు కిటికీలోంచి చూశాడు. బేడీలతో వ్యాన్ ఎక్కుతున్న డాక్టర్ మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, రెండు మోకాళ్లూ పట్టుకుని మూలిగింది.

"మనిషిని నమ్మకు," అన్నాడు. "రిపోర్టు మాత్రం కరెక్టే."