కింది అరలోని సబ్బు

సుకుమారి టీచర్ సుద్దముక్కను చేతిరుమాలుతో పట్టుకుని బోర్డు మీద లెక్క రాస్తున్నారు. రెండంకెలు వేసి ఆగుతున్నారు. వేళ్లు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"చేతికి ఏమయింది టీచర్?" అని నవ్యశ్రీ అడిగింది.

"ఏదో పడలేదులేమ్మా," అన్నారు టీచర్.

ఆ ఏదో ఏమిటో ఐదో తరగతి మొత్తంలో రూబీ ఒక్కదానికే తెలుసు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ తనను అడగకుండానే నోట్‌బుక్‌లోకి తల దూర్చేసింది.

రూబీ వాళ్లమ్మ కృపారాణి ఉదయగిరిలో ఇంట్లోనే సబ్బులు చేస్తుంది. కొబ్బరినూనెలో కాస్టిక్ సోడా నీళ్లు, ఎర్ర రంగు కలిపి ట్రేలో పోస్తుంది. గట్టిపడ్డాక ముక్కలు కోసి, ఒక్కోదాని మీదా చెక్క అచ్చుతో మందారపువ్వు వత్తుతుంది. ఆ అచ్చును చెక్క గరిటెలు చేసే మునెయ్య తాత చెక్కి ఇచ్చాడు.

కొత్త సబ్బులు కింది అరలో ఉంటాయి. నలభై రోజులు ఆరాకే పై అరకు ఎక్కుతాయి. అప్పటికి రంగు కాస్త వెలిసిపోతుంది. పచ్చి సబ్బులో సోడా ఘాటు ఉంటుందని అమ్మ చాలాసార్లు చెప్పింది. రూబీ వింటే కదా.

సుద్దపొడికి టీచర్ వేళ్లు పగులుతున్నాయని శుక్రవారం ఇంట్లో చెప్పింది రూబీయే.

"అయ్యో, ఒక సబ్బు తీసుకపో. పై అరలోది తియ్," అంది అమ్మ.

రూబీ పైకి చూసింది. వెలిసిన పువ్వు. కిందికి చూసింది. నిగనిగలాడే ఎర్ర మందారం. వంకాయలైనా, బెండకాయలైనా తాజావే కదా మంచివి? టీచరంటే దానికి ప్రాణం. కిందిది తీసుకుని, ఖాళీ కనబడకుండా మిగతావాటిని సర్దేసింది. ఆ తెలివికి మాత్రం తక్కువ లేదు. శనివారం దాన్ని టీచరుకు ఇచ్చింది.

ఇప్పుడు సోమవారం. అన్నం బెల్లు కొట్టారు. టీచర్ కుళాయి దగ్గరికి వెళ్లి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సబ్బుపెట్టె తీశారు. అందులో ఎర్ర మందారం. పిల్ల ఇచ్చిందని ఇష్టంగా బడికి కూడా తెచ్చుకున్నారు.

రూబీ వెనకాలే కుళాయి దాకా వెళ్లింది. చెబితే అమ్మ సబ్బులు ఇక ఎవరైనా కొంటారా? చెప్పకపోతే ఆ చేతులు ఏమవుతాయి?

టీచర్ కుళాయి తిప్పారు.

"దాంతో కడుక్కోవద్దు టీచర్," అంది రూబీ.

"ఎందుకమ్మా?"

"అది ఇంకా ఆరలేదు. అమ్మ పై అరలోది తీయమనింది. అందంగా ఉండాదని నేనే కిందిది తెచ్చినాను. మీ చేతులు నా వల్లే అట్లయినాయి."

టీచర్ పెట్టె మూసి రూబీ చేతిలో పెట్టారు. వేళ్లను చాలాసేపు నీళ్ల కింద ఉంచారు.

"పొద్దున్నే చెప్పుంటే ఇంకా బాగుండేది," అన్నారు. "సరే, ఇప్పుడన్నా చెప్పినావు. పోయి అన్నం తిను."

రూబీకి ఆ రోజు అన్నం సయించలేదు.

సాయంత్రం అమ్మకు అంతా చెప్పింది. అమ్మ తిట్టలేదు. తిడితేనే బాగుండునని రూబీకి అనిపించింది. అమ్మ తన ఎడమ చెయ్యి చాపింది. మణికట్టు దగ్గర రెండు పాత మచ్చలున్నాయి.

"సబ్బు చేసేది నేర్చుకునేటప్పుడు సోడా తగిలి పడినాయి ఇవి. అందుకే ప్రతి వాయిలో మొదటి ముక్కతో వారం పాటు నేనే కడుక్కుంటా. నాకు మంట పుట్టకపోతేనే ఇంకొకరికి ఇచ్చేది," అంది. "రేపు టీచరుకు పై అరలోది తీసుకపో."

"రేపు వద్దమ్మా," అంది రూబీ.

పై అరలోంచి ఒక సబ్బు తీసి బావి పక్క గట్టు మీద పెట్టుకుంది. పొద్దునా సాయంత్రం దాంతోనే చేతులు కడుక్కుంది. అన్నానికి ముందు, ఆటలయ్యాక, ఏ పనీ లేనప్పుడు కూడా. వారానికి పువ్వు సగం అరిగిపోయింది.

మరుసటి సోమవారం అదే వాయిలోని ఇంకో సబ్బును కాగితంలో చుట్టి బడికి తెచ్చింది. టీచర్ వేళ్లు మానుతున్నాయి.

"ఈసారి రంగు తగ్గిందే," అన్నారు టీచర్ పొట్లం విప్పి చూస్తూ.

"తగ్గుతాది టీచర్," అని రూబీ రెండు అరచేతులూ చాపింది. "ముందు ఇవి చూడండి."

టీచర్ సబ్బును బల్ల మీద పెట్టారు. ఆ చిన్న చేతులను పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశారు. తర్వాత సబ్బు తీసుకుని కుళాయి దగ్గరికి నడిచారు.