తీరిక లేని పొద

"అయ్యో, ఎంత ముద్దుగా ఉందో! తోటంతా మొగ్గలే, పువ్వు మాత్రం ఒక్కటేనా?"

లాంచీ దిగి వచ్చి, చేతిలో సంచి కింద పెట్టకముందే ఇలారియా అన్న మొదటి మాట అది. తోటలో మొగ్గలు కోస్తున్న బార్తొలో చెవులు ఎర్రబడ్డాయి.

"దాన్ని చూడకండి," అన్నాడు.

"పువ్వుని చూడకూడదా?"

"అది పువ్వు కాదు, నా పరువు. ఇవి కేపర్ పొదలు, వీటి మొగ్గలే మాకు పంట. విచ్చకముందే కోసి, వంటల్లోకి ఉప్పులో ఊరవెయ్యాలి. పూసిందంటే, కోసేవాడు నిద్రపోయాడని అర్థం."

"అయితే మీరు నిద్రపోయారన్నమాట!" పకపకా నవ్వింది. "ఏమో, నాకు మాత్రం మీ బద్ధకమే నచ్చింది."

ఆ నవ్వుతోనే బార్తొలో పని అయిపోయింది.

సలీనా దీవిలో రినెల్లా అంటే ఒక రేవు, నల్లటి ఇసుక, చల్లారిన అగ్నిపర్వతం వాలుకి అతుక్కున్న కాసిని ఇళ్ళు. ఇక్కడ ఎవరైనా తుమ్మితే చివరింటివాళ్ళు దీవిస్తారు. ఇలాంటి చోట ప్రేమని దాచడం ఎవరి తరం? రెండు వారాల సెలవు మీద టొరీనో నగరం నుంచి వచ్చి, బార్తొలో నానమ్మ నుంజియా ఇంట్లో గది అద్దెకి తీసుకున్న పిల్ల మీద మనవడు మనసు పారేసుకున్నాడని ఊరంతా కోడై కూసింది. ఆ పిల్లకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇలారియా తెల్లారకముందే లేచి నుంజియాతో తోటకెళ్ళి మొగ్గలు కోయడం నేర్చుకుంది. బార్తొలోతో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఇంతా అయి, అసలు మాట అతని పెదవి దాటలేదు. చెప్పలేక ఒక పని చేశాడు. ఆమె ప్రయాణం రెండు మూడు రోజులుందనగా, ఆమె కిటికీ కింద ఉన్న పొదని కోయడం మానేశాడు. ఆమె వెళ్ళేరోజు పొద్దున్న కిటికీ తెరిస్తే పొదంతా తెల్లగా విరగబూసి ఉండాలని అతని ఆశ.

రేవులో వలలు బాగుచేసుకునేవాళ్ళు ఊరుకుంటారా?

"ఏరా, నడుం పట్టేసిందా? ఆ పొద వదిలేశావేం?"

"వేరే పనుంది బాబాయ్."

"అవునవును, కిటికీకి కాపలా!"

చివరిరోజు సాయంత్రం ఇలారియా కూడా అడిగింది. "బార్తొలో, ఆ పొద ఎందుకు కోయలేదు?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరుకుతుందా? దొరకదు. కానీ బార్తొలో చూపు పొద మీదికి తిప్పేశాడు.

"తీరిక లేక," అన్నాడు.

"పాపం," అంది ఆమె జాలిగా.

మర్నాడు పొద్దున్నే ఆమె కిటికీ కిందికి వచ్చాడు. పొద బోసిగా ఉంది. పువ్వు సరే, మొగ్గ కూడా లేదు.

గుమ్మంలో ఇలారియా నిలబడి ఉంది. చేతిలో తలగుడ్డ నిండా మొగ్గలు.

"నీకు తీరిక లేదన్నావుగా! చీకటితోనే లేచి కోసేశాను. మళ్ళీ నీ పరువు పోకూడదుగా?"

బార్తొలో మెట్టు మీద కూలబడ్డాడు. వెనకనుంచి నానమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఓసి పిచ్చితల్లీ! వాడికి తీరిక లేకేం? నువ్వు పువ్వులు చూసి వెళ్ళాలని, ఊరంతా నవ్వుతున్నా వదిలేశాడే! నువ్వంటే ఇష్టమని చెప్పడానికి వెధవకి నోట్లో నాలుక లేదు."

ఇలారియా మొగ్గల వంక చూసింది, అతని వంక చూసింది. "నిజమా?"

"నిజమే. నువ్వంటే నాకు ప్రాణం. వెళ్ళిపోతావంటే ఏం చెయ్యాలో తెలియలేదు. తోటపని తప్ప నాకింకేం వచ్చు?"

"నోటితో చెప్పొచ్చుగా, మొద్దూ!" ఆమె కళ్ళు నిండాయి. "ఉండిపొమ్మంటావేమోనని ఎన్నిరోజులుగా ఎదురుచూస్తున్నానో తెలుసా?"

"ఉండిపో."

కింద రేవులో లాంచీ కూత వేసింది. ఎవరూ కదల్లేదు.

"మళ్ళీ మొగ్గ ఎప్పుడేస్తుంది?" అంది ఇలారియా కళ్ళు తుడుచుకుంటూ.

"వారం, పదిరోజుల్లో."

"పూయడానికి?"

"ఇంకో రెండు మూడు రోజులు."

"అయితే ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి." సంచి తీసి గుమ్మం లోపల పెట్టింది.

నుంజియా ఆమె చేతిలో తలగుడ్డ అందుకుంది. "వీటిని ఇవాళే ఉప్పులో వేస్తా. మీ పెళ్ళిభోజనాలకి చక్కగా ఊరతాయి."

ఇలారియా సిగ్గుతో లోపలికి పరుగెత్తింది. మరుక్షణం కిటికీలోంచి తల బయటపెట్టి, బోసిపొద మీదుగా వేలు చూపించింది.

"బార్తొలో! ఈసారి కూడా నీకు తీరిక దొరక్కూడదు, తెలిసిందా?"